ఆష్‌బీ దొర పదకొండు మ్యాచీలు

కోటబొమ్మాళి,
11 జూన్ 2024

దేవమణికి,

కృపానిధి బావ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ, నీ మేనకోడలు శాంతీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు మా కోడలు ఝాన్సీ తెచ్చి నా చెవికి పెట్టింది. నాకు వినబడిందల్లా గరగరే. ఏదో ఒకటి అనాలి గదా అని "బాగా పండిందే" అన్నాను. తరవాత తెలిసింది, నువ్వడిగింది నా షుగరు గురించట. ఇక మనకి ఫోను కుదరదు. మెసేజీలు పెట్టుకోమంటాడు మా అబ్బాయి జాన్, ఆ అద్దం మీద నా వేలు ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. అంచేత కాయితం, కలం. డెబ్భై ఆరేళ్ళ చెవిటివాడికి ఇదే ఫోను.

అసలు సంగతికి వస్తాను. ఝాన్సీ పాఠం చెప్పే మన మిషను బడికి ఇంగ్లండు నుంచి ఒక మెయిలు వచ్చింది. హెడ్మాస్టరు జగన్నాధంగారు దాన్ని అచ్చు తీసి నాకు పంపించారు. అక్కడెక్కడో చిన్న ఊళ్ళో ఒక ఫుట్‌బాలు క్లబ్బు ఉందట. మూడో డివిజను. ఆ క్లబ్బు మొదలైన దగ్గర్నుంచీ ఆడిన ప్రతి మనిషికీ అరపేజీ చొప్పున ఒక పుస్తకం వేస్తున్నారట. ఎప్పుడు పుట్టాడు, ఎన్ని ఆడాడు, ఎందుకు మానేశాడు, తరవాత ఏమయ్యాడు. అందులో ఒకడి దగ్గర బండి ఆగిపోయింది. ఫ్రాంక్ ఆష్‌బీ. యుద్ధం నుంచి తిరిగొచ్చి 1947లో చేరాడు, పదకొండు మ్యాచీలు ఆడాడు, ఒక గోలు కొట్టాడు. 1948 ఫిబ్రవరి తరవాత ఏమయ్యాడో తెలీదు. ఏదో పాత మిషను పత్రికలో ఆ పేరు చూసి, మీ ఆష్‌బీ, మా ఆష్‌బీ ఒకడేనా అని అడుగుతున్నారు.

ఏమయ్యాడో తెలీదట! మనకి వడ్రంగం నేర్పి, సాయంత్రం బంతి నేర్పి, ముప్ఫై ఏళ్ళు మన కాంపౌండులో బతికి, మన సమాధుల దొడ్లోనే పడుకున్న మనిషి! చదివి నాకు కన్నీళ్ళొచ్చాయి దేవమణీ. అంత పెద్ద దేశంలో ఆయన గురించి పదకొండు అన్న అంకె తప్ప ఇంకేం మిగల్లేదు.

వాళ్ళు పంపిన ఫారంలో, ఎందుకు మానేశాడు అన్న గడిలో "దేవుడు పిలిచాడు" అని రాద్దామనుకుంటున్నాను. ఆయన మనకెప్పుడూ చెప్పింది అదే గదా. శనివారం పొద్దు వాలగానే బంతి ఆయన బీరువాలోకి పోయేది, సోమవారం దాకా తాళం. నేను కలకత్తా బయల్దేరిన రోజు నా రెండు చేతులూ పట్టుకుని, ఆదివారం నాడు బంతి ముట్టుకోనని మాట తీసుకున్నాడు. ఆ మాటకి నిలబడ్డాను కాబట్టే జూటు మిల్లు జట్టులో నా ఆట ఏడు మ్యాచీలతో సరి. పోతే పోయింది. మన సంఘంలో ముసలివాళ్ళు బతికినన్నాళ్ళూ నా గురించి చెప్పుకున్న మంచిమాట అదొక్కటే.

మీ అమ్మ రూతమ్మత్త ఆయనకి వంట చేసింది. టపా సంచి నువ్వు మోసేదానివి. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో చూసుకున్నదీ నువ్వే. మాకెవరికీ చెప్పని మాట నీకేమైనా చెప్పాడా? గుర్తున్నదంతా రాయి. ఆగస్టు నెలాఖరుకి జవాబు పంపాలట.

నీ బావ,
కృపానిధి


గజపతినగరం,
22 జూన్ 2024

కృపానిధి బావకి,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంగతి కోసం ఒకసారి, దస్తూరి కోసం రెండుసార్లు. నువ్వు 'క' రాసేటప్పుడు తలకట్టు ఇంకా గాల్లోకి ఎగరేస్తున్నావు. చింత చచ్చినా పులుపు చావలేదు.

దొరగారి సంగతులు అడిగావు. పొద్దున్నే చోడి అంబలి తాగేవారు, చెంబుడు. మజ్జిగ పోస్తే ఒప్పుకునేవారు కాదు, వట్టి ఉప్పే. తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నారు కాబట్టి ఆయన అంతా అలాగే మాట్లాడేవారు. మా అమ్మతో "ఓ రూతమ్మా, ఈ పులుసునందు ఉప్పు కొదువాయెను" అనేవారు. అమ్మ వంటింట్లోకొచ్చి కడుపు పట్టుకుని నవ్వి, ఉప్పు పట్టుకెళ్ళేది. బంతి చిరిగితే చెప్పులు కుట్టే అసిరయ్య దగ్గర కూర్చుని ఇద్దరూ కలిసి కుట్టేవారు. "దొరా, సూది నువ్వట్టుకో, బంతి నానట్టుకుంతాను" అని అసిరయ్య ఆయనకే పని చెప్పేవాడు. యుద్ధం రోజుల్లో సిపాయిగా వైజాగు హార్బరులో ఉన్నారట, అప్పుడే ఈ ప్రాంతం మనసుకి పట్టిందని అనేవారు. 1981 మార్చిలో నా వార్డులోనే కన్నుమూశారు. ఇవన్నీ రాయి, పుస్తకం వాళ్ళు సంతోషిస్తారు.

ఆఖరి వారం ఆయన పెద్దగా ఏం మాట్లాడలేదు.

ఎందుకు మానేశాడన్న గడి గురించి అంత తలబద్దలు కొట్టుకోకు. మోకాలు అని రాసెయ్. మోకాలు అంటే మళ్ళీ ఎవరూ ఏమీ అడగరు.

నేను బాగానే ఉన్నాను. శాంతి ఆసుపత్రి డ్యూటీకి పోతే ఇల్లంతా నాదే. పెరట్లో రెండు బీరపాదులు వేశాను. నువ్వు ఉత్తరం రాశావని నెమరేసుకుంటూ నీళ్ళు పోస్తే ఎక్కువైపోయి ఒకటి కుళ్ళిపోయింది. అదీ నా సంగతి.

షుగరు ఎంతుందో ఈసారైనా సరిగ్గా చెప్పు.

దేవమణి


కోటబొమ్మాళి,
9 జూలై 2024

దేవమణికి,

షుగరు సంగతి తరవాత. నా ఒళ్ళు మండుతోంది.

ఇంగ్లండు ఆయన పదకొండు మ్యాచీల జాబితా పంపాడు. తేదీ, ఏ ఊరి మీద, ఎన్నికి ఎన్ని, అన్నీ ఉన్నాయి. ఎనిమిదోది చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. 1947 డిసెంబరు 25. ఆయన కొట్టిన ఒకే ఒక్క గోలు ఆ రోజుదే.

క్రిస్మస్ నాడు, దేవమణీ!

ఝాన్సీ చేత అడిగిస్తే జవాబు వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ అది మామూలేనట. జనం పొద్దున్న చర్చికి పోయి, అట్నుంచటే ఆటకి పోయేవారట. మరి మనకో? క్రిస్మస్ నాడు నేను గోళీలాడానని ఆయన నన్ను పిలిచి కీర్తన మొత్తం అప్పజెప్పించుకున్నాడు. ఆ పెద్దమనిషే బూట్లు కట్టుకుని గోలు కొట్టొచ్చాడు. వచ్చి, ఇరవయ్యొక్కేళ్ళ వాడి చేతులు పట్టుకుని ఆదివారం బంతి ముట్టుకోకురా అన్నాడు. ఆయనకి పదకొండు, నాకు ఏడు. ఆ మిగతావి నాకెవరిస్తారు? మిల్లు జట్టులో నిలబడితే మిల్లులోనే పని ఖాయం. నా బతుకు వేరేలా ఉండేది.

ఆ గడిలో "వేషధారి" అని రాయమంటాను. బైబిల్లో ఉన్న మాటే, ఆయనకి బాగా తెలుసు.

ఇంత రాశాక ఇంకొకటి కూడా రాసేస్తాను, లేకపోతే నిద్రపట్టదు. ఆట పోయి వచ్చిన ఆ ఏడే నేను మిమ్మల్ని అడిగాను, నిన్ను నాకు ఇమ్మని. పెద్దవాళ్ళందరూ సరేనన్నారు. నువ్వే కాదన్నావు. "నాను నర్సింగుకి ఎల్తన్నాను బావా" అన్నావు, అంతే. చిన్నప్పట్నుంచీ నా వెనకే తిరిగిన దానివి, ఎందుకు కాదన్నావో నాకు ఇప్పటికీ తెలీదు. సారమ్మని చేసుకున్నాను, మంచి మనిషి, ఆమె పోయి ఆరేళ్ళు. ఆమె వల్ల నాకే లోటూ లేదు. కానీ నువ్వు పెళ్ళి చేసుకోలేదు. ఆట పోయిన మనిషిని కాబట్టి వద్దన్నావా? అడగడం ఇదే మొదలు, ఇదే ఆఖరు.

కృపానిధి


గజపతినగరం,
16 జూలై 2024

బావకి,

ఇంగ్లండుకి ఇప్పుడే ఏమీ రాయకు. దొరగారిని ఆ మాట అనకు, నీకు దణ్ణం పెడతాను. అనవలసిన మనిషి వేరే ఉంది.

నా ట్రంకు పెట్టె అటక మీదుంది. శాంతి చేత దింపించాలి. కొంచెం టైమివ్వు.

దేవమణి


గజపతినగరం,
2 ఆగస్టు 2024

కృపానిధి బావకి,

ఇది మూడోసారి రాయడం. రెండు చింపేశాను. దీన్ని చింపేలోగా శాంతి చేతికిచ్చి డబ్బాలో వేయమంటాను. నా చేతి మీద నాకు నమ్మకం లేదు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

1969 ఆగస్టులో నువ్వు కలకత్తా నుంచి మీ అమ్మకి ఉత్తరం రాశావు. అత్తకి చదువు రాదు కదా, పాస్టరుగారి దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన చదివి, ఇది ఒక్క ఇంట్లో ఉండాల్సింది కాదని, ఆదివారం ఆరాధనలో సంఘమంతటికీ చదివారు. "ఈ వారం ఆట ఆదివారం గనక నేను ఆడనన్నాను, అందుకని జట్టులోంచి తీసేశారు" అన్న వాక్యం రెండుసార్లు చదివారు. ఆడవాళ్ళం కొంగుతో కళ్ళు తుడుచుకున్నాం. దొరగారు మాత్రం తల ఎత్తలేదు. ఆ రోజు అమ్మ పెట్టిన అన్నం ముట్టుకోలేదు.

మర్నాడు టపా సంచి ఇస్తూ ఒక కవరు విడిగా నా చేతిలో పెట్టారు. "ఓ దేవమణీ, ఇది శీఘ్రముగా చేరవలెను" అన్నారు. మీద నీ పేరు, కలకత్తా పక్కన టీటాఘర్‌లో నువ్వుండే మావ ఇంటి అడ్రసు.

పోస్టాఫీసుకి పోయే దారిలో తుమ్మచెట్టు కింద కూర్చుని, కవరు అంచు తడిచేసి విప్పాను. పందొమ్మిదేళ్ళు నాకు. నీ పేరున్న కాయితం ఏదైనా నాదే అనిపించే వయసు. చదివాను. ఇది చదివితే నువ్వు అక్కడే ఉండిపోతావని అర్థమైంది. మిగతా ఉత్తరాలన్నీ పోస్టులో వేశాను. ఇదొక్కటీ వేయలేదు. రేపు వేద్దామనుకున్నాను. ఆ రేపు ఇరవై రోజులు నడిచింది. ఆ తరవాత నువ్వే వచ్చేశావు.

నాకు నువ్వు కావాలి బావా. అంతే, ఇంకే కారణమూ లేదు.

నువ్వు వచ్చిన ఆదివారం నిన్ను ముందు బల్ల మీద కూర్చోబెట్టి సంఘం నీ కోసం కృతజ్ఞతలు చెల్లించింది. నువ్వు నవ్వలేదు, గెడ్డం గుండెకి ఆనించుకుని కూర్చున్నావు. వెనక బల్ల మీంచి చూస్తున్నాను. ఆడుకోవాల్సిన మనిషిని తెచ్చి ఇక్కడ కూలేసింది నేనే అనిపించింది. ఆ తరవాత నువ్వు నన్ను అడిగావు. నీ పక్కన కూర్చుని, నీకు అన్నం పెట్టి, ఆ కాయితం నా పెట్టెలో దాచుకుని ఎలా బతకను? చెప్పి చేసుకుందామంటే నోరు రాలేదు. చెప్పకుండా చేసుకోవడానికి మనసు రాలేదు. నర్సింగు అన్నాను.

దొరగారు ఆ సెప్టెంబరులోనే సెలవు మీద ఇంగ్లండు వెళ్ళిపోయారు. ఏడాదిన్నర తరవాత వచ్చేసరికి నువ్వు ఇచ్ఛాపురంలో డ్రిల్లు మాస్టరువి. మీరు కలుసుకున్నా ఆ ఉత్తరం మాట ఇద్దరూ ఎత్తలేదు. నీకు అది అందలేదు కనక నువ్వెత్తలేదు. నువ్వు చదివి, తనని అసహ్యించుకున్నావనుకుని ఆయన ఎత్తలేదు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆఖరి వారంలో ఆయన ఏం మాట్లాడలేదని రాశాను గదా, అబద్ధం. ఒకరోజు నేను దుప్పటి మారుస్తుంటే అడిగారు, "కృపానిధి ఉత్తరము పోస్టు చేసితివా?" అని. వేశాను దొరగారూ అన్నాను. "అతడు జవాబు వ్రాయలేదు" అన్నారు. బావకి రాయడం బద్ధకమండీ అన్నాను. ఆయన తల ఊపారు. నాలుగు రోజులకి పోయారు.

ఆ ఉత్తరం దీంతో పెట్టాను. మడతల దగ్గర చిరిగింది, జాగ్రత్తగా విప్పు.

దేవమణి

*

25 ఆగస్టు 1969

నా ప్రియమైన కృపానిధికి ఆష్‌బీ వ్రాయునది.

నీ ఉత్తరము నిన్న సంఘములో చదువబడెను. అందరును నిన్ను పొగడిరి. నేను సిగ్గుపడితిని.

నేను నీచేత ఆ వాగ్దానము చేయించుట తప్పు. దానినుండి నిన్ను విడుదల చేయుచున్నాను. నీవు మీ జట్టు సెక్రటరీగారియొద్దకు వెళ్లి, ఆదివారమున సైతము ఆడెదనని చెప్పుము. ప్రభువు బంతిని ద్వేషించువాడు కాడు.

ఇంకొక సంగతి నీకు చెప్పవలెను. దేవుడు పిలిచెను గనుక నేను ఆట విడిచితినని మీ అందరితో చెప్పితిని. అది సగము మాట. మా క్లబ్బులో శుక్రవారమున గోడమీద పేర్లు అంటించెదరు. పదకొండు ఆటల తరువాత ఒక శుక్రవారము నా పేరు లేదు. మరుసటి శుక్రవారమును లేదు. నేను చాలినంత మంచి ఆటగాడను కాను. ఈ మాట నేనెవరితోను ఇంతవరకు చెప్పలేదు. ఆట నన్ను విడిచిన తరువాతనే దేవుడు నన్ను పిలిచెను. ఆయన పిలుపు సత్యమే. అయితే ఆయన మొదట రాలేదు.

ఒక క్రిస్మస్ నాడు వానలో నేను ఒక గోలు కొట్టితిని. నా తండ్రి చూచెను. అంతటి సంతోషము ప్రార్థనలో సైతము నాకెన్నడును కలుగలేదు. దానికి నేను భయపడితిని. ఆ భయముచేతనే ఆదివారము నాడు బంతికి తాళము వేసితిని, నీకును వేసితిని.

ఇది చదివి నాకు జవాబు వ్రాయుము. నేను కనిపెట్టుకొనియుందును.

ఫ్రాంక్ ఆష్‌బీ

*

గజపతినగరం,
12 సెప్టెంబరు 2024

బావకి,

నలభై రోజులైంది. పోస్టుమాను సూరయ్య సైకిలు ఆపకుండానే "నేదమ్మా, ఏటీ నేదు" అంటూ పోతున్నాడు. గేటు దగ్గర నిలబడొద్దని శాంతి కేకలేస్తోంది. మిగిలిన బీరపాదు కాసింది, కోసి ఎదురింటి దుర్గాభవానికి ఇచ్చేస్తున్నాను. నాకు తినబుద్ధి కావటం లేదు.

నువ్వు ఊరుకోవడం న్యాయమే. నేను దొరగారిని పన్నెండేళ్ళు జవాబు కోసం కూర్చోబెట్టాను, నన్ను నువ్వు నలభై రోజులు కూర్చోబెడితే ఎక్కువేం కాదు. కానీ ఒక్క తిట్టయినా రాసి పడెయ్యి బావా. నీ చేత్తో రాసింది ఏదైనా ఫరవాలేదు.

దేవమణి


కోటబొమ్మాళి,
4 అక్టోబరు 2024

దేవమణికి,

ఊరుకున్నది కోపంతో కాదు. నీ కవరు వచ్చిన మర్నాడు భావనపాడు మా అమ్మాయి ఇంటికి పోయాను. వారం ఉంటానని నెల ఉన్నాను. రోజూ ఇసకలో కూర్చుని వలలు బాగుచేసే వాళ్ళని చూస్తూ, నీకేం రాయాలా అని ఆలోచించాను. రాయవలసింది రెండు ముక్కలే. వాటికి యాభై అయిదేళ్ళ బరువుంది.

మిల్లు జట్టులో నా ఎనిమిదో మ్యాచి ఆదివారం అన్నది నిజం. నేను ఆడలేదన్నది నిజం. ఆడనన్నాను అన్నది అబద్ధం.

మిల్లు గేటు దగ్గర శనివారం సాయంత్రం నల్లబల్ల మీద సుద్దతో పేర్లు రాసేవారు. నా పేరు లేదు. సెక్రటరీ దగ్గరికి పోయి, రేపు ఆదివారమైనా ఆడతాను బాబూ అని బతిమాలాను. విన్నావా? దొరగారికిచ్చిన మాటా, ప్రభువు దినమూ రెండూ వదిలేసి బతిమాలాను. ఆయన నవ్వి నా భుజం తట్టి, "నువ్వు బాగా పరిగెడతావు, బంతే నీతో పరిగెత్తదు" అన్నాడు. అదీ నా ఆట. ఏడు మ్యాచీలకే వాళ్ళకి అర్థమైపోయింది.

అమ్మకి ఎలా రాయను? ఊరంతా స్టేషనుకొచ్చి పంపించారు నన్ను. ఆదివారం అని రాశాను. అమ్మ ఒక్కత్తే వింటుందనుకున్నాను. అమ్మకి చదువు రాదని తెలిసి కూడా, ఎవరి చేత చదివించుకుంటుందో ఆలోచించలేదు. నేను రైలు దిగేసరికి నేను రాసిన అబద్ధం సంఘానికి సాక్ష్యమైపోయింది. ముందు బల్ల మీద తల వంచుకున్నది ఆట పోయినందుకు కాదు. ఎవరైనా నా మొహం చూసి కనిపెట్టేస్తారని.

కనక నువ్వు నా ఆట ఆపలేదు. ఆపడానికి అక్కడ ఆట లేదు. దొరగారి ఉత్తరం అందినా నేను ఆ రైలే ఎక్కేవాణ్ణి.

ఇక్కడితో ఆపేసి, నీ తప్పేం లేదని రాసి సంతకం పెడదామనుకున్నాను. చెయ్యి ఆడలేదు. ఎందుకంటే ఆ ఉత్తరం నాకు కావలసిందే. ఆట కోసం కాదు. దొరగారంతటి మనిషి "నేను చాలినంత మంచి ఆటగాడను కాను" అని రాశాడు. ఆ ముక్క ఇరవయ్యొక్కేళ్ళప్పుడు చదివి ఉంటే నాకు నోరొచ్చేది. ముందు నీకు చెప్పుండేవాణ్ణి. నీకు చెప్తే నువ్వు కాదనేదానివి కాదు. ఇప్పుడు చదివి ఏం లాభం అనుకున్నాను, కానీ చదివాను కాబట్టే ఈ ఉత్తరం రాయగలిగాను. నువ్వు దాచావు, నేను అబద్ధమాడాను. ఎవరిది ఎక్కువ పాపమో తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు. నాదే ఎక్కువని నా మనసు చెబుతోంది. నువ్వు ఒక్క కాయితం దాచావు. నేను నా అబద్ధం మీద కూర్చుని మర్యాదలు తిన్నాను, నువ్వు దాన్ని నమ్మి ఒంటరిగా ఉండిపోయావు.

పోయిన ఆదివారం సంఘంలో సాక్ష్యాల వేళ లేచి నిలబడి అంతా చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. ఆ రోజు ఏడ్చినవాళ్ళలో ఒక్కరూ లేరు. కుర్రకారుకి ఈ కథే తెలీదు. నేను కూర్చున్నాక వెనకనుంచి ఒకడు "తాతేటన్నాడు? మైకు సరిగ్గా నేదు" అని అడిగాడట. ఝాన్సీ చెప్పి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఇంగ్లండుకి గడువు దాటింది, అయినా తీసుకున్నారు. ఎందుకు మానేశాడు అన్న గడిలో ఇలా రాయించాను: "జట్టులో పేరు రాలేదు. అందువల్ల మా దగ్గరికి వచ్చాడు. క్రిస్మస్ గోలు తన జీవితంలో అన్నిటికన్నా పెద్ద సంతోషమని ఆయనే రాశాడు."

ఇప్పుడు నీకంతా తెలుసు. నన్ను చూడాలని ఉందో లేదో ఒక్క ముక్క రాయి.

కృపానిధి


గజపతినగరం,
15 అక్టోబరు 2024

బావా,

నీ ఉత్తరం చదివి ముందు గట్టిగా నవ్వాను. ఏమైందోనని శాంతి స్నానాల గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. తరవాత ఏడుస్తుంటే, ఇది మామూలే అనుకుని వెళ్ళిపోయింది.

యాభై అయిదేళ్ళు! వార్డులో కాలు విరిగిన కుర్రాడు ఎవడొచ్చినా నువ్వే అనుకున్నాను. వాళ్ళు లేచి నడిచేదాకా నాకు స్థిమితం ఉండేది కాదు. నువ్వు మేటి ఆటగాడివని, నిన్ను నేను తుంచేశానని, రోజూ దేవుడికి అదే అప్పజెప్పుకున్నాను. ఇప్పుడొచ్చి బంతి నాతో పరిగెత్తదు అంటావా? ఆ ముక్క ఆ రోజే నా మొహం మీద చెప్పలేకపోయావా? నాకు ఆటగాడెందుకు బావా? బంతి నీ కాళ్ళ దగ్గర ఉంటే నాకేంటి, లేకపోతే నాకేంటి? నువ్వు దగ్గరుంటే చాలనే గదా ఆ దొంగతనం చేశాను.

నాకు చాలా కోపంగా ఉంది. ఇంత కోపం నా ఒంట్లో ఉందని నాకే తెలీదు. నెల్లాళ్ళు నీకు రాయకూడదని కేలండరు మీద గీతలు కూడా పెట్టాను. నాలుగో గీత దగ్గర కూర్చుని ఆలోచించాను. నాకు డెబ్భై నాలుగు, నీకు డెబ్భై ఆరు. నెల్లాళ్ళ కోపం కుర్రాళ్ళు పడగలరు గానీ మనం పడలేం. కోపం పోయాక పిలుద్దామంటే అది ఎప్పటికి పోతుందో నమ్మకం లేదు. అంచేత కోపంగా ఉండగానే పిలుస్తున్నాను. నువ్వొచ్చి ఎదురుగా కూర్చో, నేను తిట్టుకుంటాను.

చూడాలని ఉందో లేదో ఒక్క ముక్క రాయమన్నావు. నువ్వు నన్ను అడిగిన రోజు నేను మీ ఇంటి వరండాలో బియ్యం చెరుగుతున్నాను. నువ్వు స్తంభం పట్టుకుని, నా వైపు చూడకుండా "ఏటే, ఏటంతావు?" అన్నావు. నేను చేట పక్కన పెట్టి, నర్సింగు అని ఒక మాట చెప్పాను. అది నా జవాబు కాదు. నా జవాబు నోట్లోనే ఉండిపోయింది, ఇప్పటిదాకా అక్కడే ఉంది. సరే బావా. నాకు ఇష్టమే.

వచ్చే మంగళవారం రా. విజయనగరంలో బండి మారాలి, వంతెన మెట్లు ఎక్కువ, నువ్వు ఒక్కడివీ ఎక్కకు. నేను అక్కడికి వచ్చి ఉంటాను.

దేవమణి